కాగితానికి ఆయుర్దాయం: ఇంట్లో పాత పత్రికల సంరక్షణ

తెలుగునాట చదివే అలవాటున్న ఇళ్ళలో చాలావాటిలో అటకమీద ఒక మూటగాని, మంచం కింద ఒక ట్రంకుపెట్టెగాని ఉంటుంది. విప్పి చూస్తే తాతగారు నెలనెలా కొని దాచిన 'చందమామ'లు, వారపత్రికల్లోంచి సీరియల్ కాగితాలు విడదీసి కుట్టించిన నవలలు, ఒకటి రెండు ఉగాది ప్రత్యేక సంచికలు కనిపిస్తాయి. అయితే వాటిని చేతిలోకి తీసుకొన్నప్పుడు సంతోషంతోబాటు విచారమూ కలుగుతుంది. కాగితం గోధుమరంగుకు తిరిగి ఉంటుంది. పుట తిప్పితే అంచు విరిగి ఒడిలో రాలుతుంది. పురుగు ముట్టలేదు, నీరు తగలలేదు. మరి ఏమి జరిగింది?

మూడు వందల ఏళ్ళనాడు గుడ్డపేలికలతో చేతిమీద తయారైన కాగితం నేటికీ మెత్తగా వంగుతున్నది. అరవై ఏళ్ళనాడు యంత్రంమీద తయారైన కాగితం వంగితే విరుగుతున్నది. ఈ వింతకు కారణం తెలిస్తే ఇంట్లోని పత్రికలను ఎట్లా కాపాడుకోవాలో చాలావరకు దానంతట అదే బోధపడుతుంది.

ఇది కేవలం ఇంటి సామానుకు సంబంధించిన విషయం కాదు. 1924లో కాశీనాథుని నాగేశ్వరరావు ప్రారంభించిన 'భారతి' మాసపత్రిక 1991లో ఆగిపోయింది. 1947 జులైలో మొదలైన 'చందమామ' కూడా ఇప్పుడు వెలువడటం లేదు. ఇటువంటి పత్రికల్లో అచ్చయిన కథలు, వ్యాసాలు, బొమ్మలు, ప్రకటనలు అన్నీ పుస్తకరూపంలో మళ్ళీ రాలేదు. పత్రిక ప్రతి నశిస్తే ఆ రచన నశించినట్లే. ఎవరి ఇంట్లోనో మిగిలిన ఒక్క సంచిక ఒక్కొక్కసారి ఆ రచనకు చివరి ఆధారం కావచ్చు.

కాగితంలో ఏమున్నది?

ఏ కాగితానికైనా ముఖ్యపదార్థం సెల్యులోజు. మొక్కల కణాల గోడలు దీనితోనే కట్టబడి ఉన్నాయి. గ్లూకోజు అనే చక్కెర అణువులు వేలకొలదిగా ఒకదాని వెంట ఒకటి కడియాలవలె తగులుకొని ఏర్పడిన పొడుగాటి గొలుసే సెల్యులోజు అణువు. ఇటువంటి గొలుసులు కట్టలు కట్టలుగా చేరి నారపోగు అవుతుంది. నారపోగులు నీటిలో తేలి, జల్లెడమీద ఒకదానిమీద ఒకటి అల్లుకొని, ఆరి గట్టిపడితే కాగితం తయారవుతుంది. గొలుసు ఎంత పొడుగుగా ఉంటే కాగితం అంత గట్టిగా ఉంటుంది.

పూర్వం కాగితానికి నూలు, నార గుడ్డల పేలికలు వాడేవారు. వీటిలో సెల్యులోజు దాదాపు శుద్ధంగా ఉంటుంది, పోగులూ పొడుగైనవి. పందొమ్మిదవ శతాబ్దంలో పత్రికలు పెరిగాయి, పేలికలు చాలలేదు. జర్మనీలో కెల్లర్ అనే అతడు 1844 ప్రాంతంలో కొయ్యను సానరాతికి రాచి గుజ్జు చేసే పద్ధతిని కనిపెట్టాడు. దానితో కాగితం చౌక అయింది. ఇప్పటికీ దినపత్రికల కాగితంలో ఇట్లా నూరిన కొయ్యగుజ్జు భాగం చాలా ఉంటుంది. మన దేశంలో మొదటి న్యూస్‌ప్రింటు మిల్లు మధ్యప్రదేశ్‌లోని నేపానగర్‌లో 1950 దశాబ్దం మధ్యలో పని ప్రారంభించింది. అంతకుముందు పత్రికలకు కావలసిన న్యూస్‌ప్రింటు విదేశాలనుంచి వచ్చేది.

కొయ్యలో సెల్యులోజుతోబాటు లిగ్నిన్ అనే పదార్థం ఉంటుంది. చెట్టు నిటారుగా నిలబడటానికి పోగులను అంటించి ఉంచేది ఇదే. చెట్టుకు ఇది బలం. కాగితానికి ఇది బలహీనత. వెలుతురు, ప్రాణవాయువు తగిలితే లిగ్నిన్ ఆక్సీకరణం చెంది పసుపు, గోధుమ రంగుల పదార్థాలుగా మారుతుంది. ఆ మార్పులో ఆమ్లాలు కూడా పుడతాయి. రాజమహేంద్రవరం, కాగజ్‌నగర్ మిల్లులు చాలాకాలం చేసినట్లు వెదురును రసాయనాలతో ఉడికించి గుజ్జు తీస్తే లిగ్నిన్ చాలావరకు పోతుంది. అందువల్లనే అచ్చు పుస్తకాల కాగితం దినపత్రిక కాగితమంత త్వరగా పచ్చబడదు.

ఆమ్లం చేసే పని

లిగ్నిన్ ఒక్కటే శత్రువు కాదు. రాసిన సిరా, అచ్చు సిరా పీల్చుకొని అలుక్కుపోకుండా కాగితానికి ఒక పూత అవసరం. 1807లో ఇల్లిగ్ అనే జర్మను దేశస్థుడు రోజిన్ అనే చెట్టుబంకను పటికతో కలిపి గుజ్జులోనే వేసే పద్ధతిని ప్రకటించాడు. చౌకగా, సులువుగా ఉండటంచేత అది లోకమంతటా వ్యాపించింది. తరువాత మిల్లులు పటికకు బదులు వాడిన అల్యూమినియం సల్ఫేటు తేమ తగిలినప్పుడు గంధకామ్లాన్ని పుట్టిస్తుంది. అనగా కాగితాన్ని చంపే పదార్థం కాగితం పుట్టుకలోనే కలిసింది.

ఈ ఆమ్లం, గాలిలోని తేమ కలిసి సెల్యులోజు గొలుసును మధ్యమధ్య తెంచుతాయి. దీనిని జలవిశ్లేషణం అంటారు. గొలుసు తెగుతున్నా ఆమ్లం ఖర్చు కాదు. ఒకచోట తెంచి మరొక చోటికి పోతుంది. వేల కడియాల గొలుసు కొన్ని వందల కడియాలకు తగ్గేసరికి కాగితం మడతకు ఆగదు. కంటికి పుట నిండుగానే ఉంటుంది, అక్షరాలు చెక్కు చెదరవు. బలం మాత్రం లోపల పోయి ఉంటుంది.

అమెరికాలోని వర్జీనియా రాష్ట్రంలో విలియం బారో అనే పరిశోధకుడు ఈ సంగతిని పెద్ద ఎత్తున పరీక్షించాడు. 1900–1949 మధ్య అచ్చయిన 500 పుస్తకాల కాగితాన్ని మడిచి, చించి, బలం కొలిచి, 1959లో ఫలితాలు ప్రకటించాడు. వాటిలో అత్యధికభాగం మరి 50 ఏళ్ళు కూడా నిలవవనీ, దీనికి ముఖ్యకారణం కాగితంలోని ఆమ్లమేననీ తేలింది. ఆ తరువాత క్రమంగా మిల్లులు పటికను విడిచి, సుద్ద వంటి కాల్షియం కార్బనేటు కలిపి, క్షారగుణంగల కాగితం చేయసాగాయి. అందుచేత 1960లో వచ్చిన పత్రికకన్న ఇటీవలి మంచి కాగితంమీది పత్రిక ఎక్కువకాలం నిలుస్తుంది. సంరక్షణ ఎక్కువగా కావలసింది పాతవాటికే.

వేడిమి, తేమ, వెలుతురు

ఇంట్లో కూర్చొని కాగితంలోని ఆమ్లాన్ని పూర్తిగా తీసివేయటం సాధ్యం కాదు. కాని ఆ చర్య జరిగే వేగాన్ని తగ్గించటం సాధ్యం. ఏ రసాయనిక చర్య అయినా వేడిమితో త్వరపడుతుంది. కాగితం విషయంలో ఉష్ణోగ్రత సుమారు 5 సెంటీగ్రేడు డిగ్రీలు పెరిగితే క్షయవేగం రెట్టింపు అవుతుందని లెక్క. ఎండాకాలంలో కాంక్రీటు కప్పు కింద అటకమీద 42 డిగ్రీలు, అదే ఇంట్లో కింది అంతస్తు నడిమిగది బీరువాలో 32 డిగ్రీలు ఉన్నాయనుకొంటే, తేడా 10 డిగ్రీలు. వేగం రెండు రెళ్ళు నాలుగు రెట్లు. అనగా అటకమీద గడచిన ఒక్క నెల, కింద గడచిన నాలుగు నెలలతో సమానం. పత్రికలను అటకనుంచి దింపి లోపలిగదిలో పెట్టటానికి పైసా ఖర్చు లేదు. అయినా ఇంతకు మించిన రక్షణ లేదు.

రెండవది తేమ. సాపేక్ష ఆర్ద్రత 65 శాతం దాటి కొన్నాళ్ళు నిలిస్తే బూజు మొలుస్తుంది. విశాఖపట్నం, కాకినాడ, మచిలీపట్నం వంటి సముద్రతీరపు ఊళ్ళలో ఈ హద్దు దాటటం మామూలు. అనంతపురంవంటి పొడి ప్రాంతంలో బూజు భయం తక్కువ. అక్కడ వేడిమే ప్రధానశత్రువు. ఆర్ద్రత ఒకనాడు ఎక్కువ, ఒకనాడు తక్కువ కావటమూ మంచిది కాదు. నారపోగులు తేమకు ఉబ్బి, పొడికి ముడుచుకొంటూ ఉంటే పుటలు అలలు తేలుతాయి. ఆర్ద్రతను చూపే చిన్న పరికరాలు బజారులో దొరుకుతున్నాయి. ఒకటి బీరువాలో ఉంచితే ఊహతో పని లేదు.

మూడవది వెలుతురు. ఎండలోని అతినీలలోహిత కిరణాలు లిగ్నిన్‌ను పచ్చబరుస్తాయి, అట్టమీది రంగులను వెలిసిపోయేట్లు చేస్తాయి. ఇట్లా పోయిన రంగు తిరిగి రాదు. పప్పులు, బట్టలు ఎండబెట్టినట్లు పత్రికలను ఎండబెట్టే అలవాటు కొందరికి ఉన్నది. ఎండకు పురుగు పారిపోయే మాట నిజమే. కాగితం ఆయువు తరిగే మాట అంతకంటె నిజం. గాలి ఆడే నీడలో ఆరవేయటమే సరైన పద్ధతి.

పురుగులు

పత్రికల చుట్టాలలో మొదటిది వెండిచేప పురుగు. పేరుకు చేపేగాని ఇది రెక్కలు లేని, తళతళలాడే చిన్న కీటకం. చీకటి, తేమ దీనికి ఇష్టం. బైండు జిగురులోని పిండిపదార్థం కోసం కాగితాన్ని పైపైన గీకి తింటుంది. బొద్దింకలు అట్టలను గీరి మరకలు చేస్తాయి. అన్నిటికంటె ప్రమాదం చెదలు. ఇవి నేలనుంచి, గోడ పగుళ్ళనుంచి మట్టి గొట్టాలు కట్టుకొంటూ వస్తాయి. పైకి బీరువా చెక్కు చెదరనట్లే ఉండి, తలుపు తీసేసరికి లోపల మన్ను మిగులుతుంది. బీరువాను గోడకు కనీసం నాలుగంగుళాలు ఎడంగా, కింది అరను నేలకు అడుగు ఎత్తున ఉంచితే చెదల దారి కంటికి కనిపిస్తుంది. వానలకు ఇంట్లోకి నీరు వచ్చినా కొంత రక్షణ.

ఎండిన వేపాకు, వసకొమ్ము వంటివి తాళపత్రాల కాలంనుంచి వాడుకలో ఉన్నాయి. ఇవి పురుగును కొంత దూరం ఉంచుతాయేగాని చంపవు. పచ్చి ఆకు పెడితే తేమ చేరి బూజు పడుతుంది. కలరా ఉండలని వాడుకలో పిలిచే నాఫ్తలీను ఉండలను తగుమాత్రంగా తీసుకోవాలి. వాటి ఆవిరి మనుషులకు మంచిది కాదు. ముఖ్యంగా పసిపిల్లలలో కొందరికి దానివల్ల రక్తకణాలు చితికే ప్రమాదం ఉన్నది. పురుగు పట్టిన ఒకటి రెండు సంచికలను ప్లాస్టిక్ సంచిలో గాలి చొరకుండా మూసి, శీతలయంత్రపు మంచుగడ్డల అరలో రెండు వారాలు ఉంచితే పురుగు, గుడ్డు రెండూ చస్తాయి. తీసిన తరువాత సంచిని ఒకరోజు విప్పరాదు. వెంటనే విప్పితే చల్లని కాగితంమీద నీరు పడుతుంది.

దాచే పద్ధతి

పత్రికలు సర్దటానికి అనువైన కాలం సంక్రాంతి వెళ్ళిన తరువాత వచ్చే పొడిరోజులు. అప్పుడు కాగితంలో తేమ తక్కువ. ముందు ఒక్కొక్క సంచికను మెత్తని బ్రష్షుతో దులపాలి. తుప్పుపట్టిన పిన్నులను చిన్న చాకుతో కాళ్ళు లేపి, మెల్లగా తీసివేయాలి. ఇనుము, తేమ, ప్రాణవాయువు కలిసి పుట్టే తుప్పు చుట్టూ ఉన్న కాగితాన్ని తినివేస్తుంది. ఆ రంధ్రాల్లోంచే నూలుదారంతో వదులుగా కుడితే చాలు. రబ్బరు బాండ్లు వాడరాదు. అవి కరిగి పుటకు అంటుకొంటాయి.

పలుచని సంచికలను నిలబెడితే ఒరిగి వంగిపోతాయి. పడుకోబెట్టి, దొంతి జానెడు ఎత్తు మించకుండా పేర్చాలి. ప్రతి దొంతిని గంజి పోయేట్లు ఉతికి ఆరవేసిన తెల్లని నూలుగుడ్డలో చుట్టాలి. గంజి ఉంటే అదే పురుగుకు విందు. బీరువా అరల్లో పాత దినపత్రికలు పరచటం దాదాపు ప్రతి ఇంటి అలవాటు. ఆ కాగితంలోని ఆమ్లం పైనున్న పత్రికకు పాకుతుంది. దానికి బదులు మంచి తెల్ల కాగితం పరచాలి. కొత్త ప్లైవుడ్డు, కొత్త కొయ్య కూడా ఆమ్లపు ఆవిరులు వదులుతాయి, ఇనుపబీరువా మేలు. అయితే అది బయటిగోడకుగాని, స్నానాలగది గోడకుగాని ఆని ఉండరాదు. వారానికొకసారి తలుపులు తీసి గాలి ఆడనివ్వాలి. ముసురు రోజుల్లో మాత్రం తీయకూడదు.

ప్లాస్టిక్ తొడుగుల సంగతి ప్రత్యేకంగా చెప్పుకోదగినది. అమెరికాలో కామిక్ పుస్తకాలు సేకరించేవారు ఎక్కువ. 1938లో వచ్చిన 'యాక్షన్ కామిక్స్' మొదటి సంచికవంటివి కూడా చౌక కాగితంమీద అచ్చయినవే. వారు ఒక్కొక్క పుస్తకాన్ని పాలియెస్టరు తొడుగులో పెట్టి, వెనుక క్షారగుణంగల అట్ట ఉంచుతారు. ఆ అట్టలోని కాల్షియం కార్బనేటు ఆమ్లాన్ని కొంత విరుస్తుంది. ఆ పద్ధతి శాస్త్రసమ్మతమే. కాని అది చల్లగా, పొడిగా ఉండే గదులకు తగినది. కోస్తా జిల్లాల వర్షాకాలంలో తడిగాలితోబాటు పత్రికను తొడుగులో మూస్తే లోపల బూజుకు ఇల్లు కట్టినట్లే. తొడుగు వాడదలిస్తే రెండు వైపులు తెరచి ఉండేది కావాలి, పొడిరోజుల్లోనే పెట్టాలి. పాలియెస్టరు, పాలిథీన్, పాలిప్రొపిలీన్ ఫరవాలేదు. ఘాటువాసన వేసే పి.వి.సి. తొడుగులు మాత్రం పనికిరావు. అవి కాలక్రమంలో హైడ్రోక్లోరికామ్లాన్ని వదులుతాయి. వాటిని మెత్తబరచటానికి కలిపిన నూనెవంటి పదార్థం అచ్చుసిరాను పట్టి లాగుతుంది.

మేలనుకొని చేసే కీడు

చినిగిన పుటను సెల్లోటేపుతో అంటించటం, విలువైనదని లామినేషన్ చేయించటం, ఏడాది సంచికలు బైండు చేయించటం — ఈ మూడూ ప్రేమతో చేసే పనులే. టేపు జిగురు కొన్నేళ్ళకు పచ్చబడి కాగితంలోకి ఇంకుతుంది. టేపు ఊడినా మరక పోదు. పలుచని, గట్టి కాగితపు పేలికను మైదా గంజితో అంటిస్తే కావలసినప్పుడు తడిపి తీయవచ్చు. లామినేషన్ వేడితో జరిగేది. ఆమ్లం లోపలే చిక్కుకుపోతుంది, తిరిగి విప్పే దారి ఉండదు. తిరిగి విప్పరాని పని ఏదీ పాత కాగితానికి చేయరాదన్నది సంరక్షణ శాస్త్రంలో ముఖ్యమైన సూత్రం.

బైండింగు పూర్తిగా తప్పు కాదు. బైండరుకు మాత్రం ముందే చెప్పాలి: అంచులు కత్తిరించరాదు, అట్టలు, ప్రకటనల పుటలు తీసివేయరాదు, పక్కనుంచి పొడిచి కుట్టరాదు, మడతలోంచే కుట్టాలి. పక్కనుంచి కుట్టిన పుస్తకం పూర్తిగా తెరుచుకోదు. బలం తగ్గిన పుట కుట్టు దగ్గరే విరుగుతుంది. జిగురులో మైలుతుత్తం కలిపితే పురుగు చేరదని కొందరు కలుపుతారు. అది విషం, పైగా రాగి లవణం సెల్యులోజు ఆక్సీకరణాన్ని త్వరపెడుతుంది.

తడిసినప్పుడు

తుఫానుకో, కప్పు కారో పత్రికలు తడిస్తే రెండు రోజుల్లో బూజు మొదలవుతుంది. తొందర కావాలి, తొందరపాటు కాదు. తడిసిన పుటలను బలవంతంగా విడదీయరాదు. పుటల మధ్య అక్కడక్కడ అచ్చులేని పీల్చుడు కాగితం పెట్టి, తడవగానే మారుస్తూ, పంకా కింద నీడలో ఆరనివ్వాలి. నునుపైన మెరుపు కాగితం పత్రికలను ఆరకముందే విడదీయాలి. ఆ నునుపు తెల్లమట్టి పూతవల్ల వచ్చినది. ఆరితే పుటలన్నీ ఇటుకవలె అతుక్కుపోతాయి. ఒకేసారి ఎక్కువ తడిస్తే కొన్నిటిని సంచుల్లో పెట్టి గడ్డకట్టించి, తరువాత కొద్దికొద్దిగా ఆరబెట్టవచ్చు. 1966 నవంబరులో ఇటలీలోని ఫ్లారెన్సు నగరాన్ని ఆర్నో నది ముంచెత్తినప్పుడు జాతీయ గ్రంథాలయంలోని లక్షలాది గ్రంథాలు, పత్రికలు బురదలో మునిగాయి. తడిసిన కాగితాన్ని కాపాడే శాస్త్రం బాగా పెరిగింది ఆ ప్రమాదం తరువాతనే. బూజు పట్టినదాన్ని తడిగుడ్డతో తుడవరాదు. బాగా ఆరిన తరువాత, ఆరుబయట, ముక్కుకు గుడ్డ కట్టుకొని బ్రష్షుతో దులపాలి.

పాఠశాలలో చేసి చూడదగినవి

ఈ విషయాలను తరగతిలో సులువుగా చూపవచ్చు. ఒక దినపత్రిక ముక్కమీద మధ్యలో నాణెం పెట్టి, వారంరోజులు ఎండలో ఉంచితే నాణెం కింద తెల్లని గుండ్రని గుర్తు మిగిలి, చుట్టూ పచ్చబడుతుంది. పక్కన నోటుపుస్తకం కాగితాన్ని కూడా అట్లాగే ఉంచితే రెండింటి తేడా తెలుస్తుంది. బాగా పచ్చబడిన పాత కాగితపు ముక్కలను కొద్ది స్వేదనజలంలో నానబెట్టి, ఆ నీటిలో నీలి లిట్మస్ ముంచితే అది ఎర్రబారటం చూడవచ్చు. ప్రయోగశాలలో ఫ్లోరోగ్లూసినాల్, హైడ్రోక్లోరికామ్లం ఉంటే ఉపాధ్యాయుడు వాటి ద్రావణపు బొట్టు దినపత్రిక కాగితంమీద వేసి చూపవచ్చు. లిగ్నిన్ ఉన్నచోట ఎరుపురంగు వస్తుంది. ప్లాస్టిక్ తొడుగు పి.వి.సి. అవునో కాదో తెలుసుకొనేందుకు రాగితీగను ఎర్రగా కాల్చి, తొడుగుకు తాకించి, తిరిగి మంటలో పెట్టాలి. మంట ఆకుపచ్చగా మారితే అందులో క్లోరిన్ ఉన్నట్లు. దీని పొగ మంచిది కాదు కనుక గాలి ఆడేచోట ఉపాధ్యాయుడే చేయాలి.

జాబితా, నకలు

దాచిన సంచికలకు ఒక జాబితా అవసరం. పత్రిక పేరు, సంవత్సరం, నెల, లేని పుటలు రాసి ఉంచితే మాటిమాటికి దొంతి కదపనక్కరలేదు. పెళుసైన సంచికలను ఫోనుతో పుటపుటా ఫోటో తీసి, రెండు వేరువేరు చోట్ల భద్రపరచుకోవాలి. ఆ తరువాత చదవటానికి ఫోటోలను వాడితే అసలు ప్రతికి విశ్రాంతి. ఇతరులకు పంచేముందు ప్రచురణహక్కు ఎవరిదో చూసుకోవాలి. ఇంట్లో ఇక దాచలేని స్థితి వస్తే, పాతకాగితాలవాడి తక్కెడలో వేసేముందు ఒక గ్రంథాలయాన్ని అడగటం ధర్మం. చీరాల దగ్గర వేటపాలెంలో 1918లో వెలసిన సారస్వత నికేతనంవంటివి పాత పత్రికలకు పేరుపొందినవి.

కాగితానికి మరణం తప్పించటం ఎవరివల్లా కాదు. అటకమీద ఇరవై ఏళ్ళలో పొడి కావలసిన సంచికను చల్లని చీకటి బీరువాలో ఎనభై ఏళ్ళు నిలపటం మాత్రం ప్రతి ఇంటివారికీ సాధ్యమే. దానికి కావలసినవి ఉతికిన నూలుగుడ్డ ఒకటి, ఏడాదికి రెండు పూటల శ్రద్ధ: సంక్రాంతి తరువాత ఒకసారి, మృగశిర కార్తెకు ముందు ఒకసారి.